గుడ్డుబొమ్మకు గ్రహణం లేదు

కూర్మన్నపాలెంలో మా వీధికి గుడ్డుబొమ్మల పిచ్చి ఒక వేసవిలో పట్టి, మళ్లీ వేసవి వచ్చేలోపు వదిలిపోయింది. పిల్లలు వాటిని మూలకి విసిరేసి మళ్లీ క్రికెట్ బ్యాట్లు పట్టుకున్నారు. ఆ పిచ్చి వదలంది మా పక్కవాటా నాగశ్రీకి ఒక్కదానికే.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. కోడిగుడ్డంత ప్లాస్టిక్ బొమ్మ, దానికో గొలుసు, మధ్యలో తపాలా బిళ్లంత తెర, కింద మూడు మీటలు. తెర మీద నల్లచుక్కలతో గీసిన ఒక పిల్ల జంతువు గెంతుతూ ఉంటుంది. ఆకలేస్తే కుయ్‌కుయ్‌మంటుంది. మీట నొక్కి అన్నం పెట్టాలి, దొడ్డికెళితే కడగాలి, జ్వరమొస్తే సూది వెయ్యాలి, నిద్రపోతే దీపం ఆర్పాలి. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. కన్నపిల్లలకి చేసినా ఇంతే చేస్తాం. కాకపోతే వాళ్లు పెద్దయ్యాక ఎదురు మాట్లాడతారు.

నాగశ్రీ దగ్గర ఇలాంటివి ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉండేవి. ఆమె మొగుడు గోపి పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఓడ దిగిన కొరియావాళ్లూ ఫిలిప్పీన్స్ వాళ్లూ వాడికి సిగరెట్లు ఇవ్వబోతే, అవి వద్దని ఈ బొమ్మలు అడిగి తెచ్చేవాడు. మిగతావి వీధిలో పిల్లలు పారేసినవి. సెల్ కారి చిలుం పట్టిన రేకుల్ని నాగశ్రీ పెన్సిల్ రబ్బరుతో ఓపిగ్గా రుద్దేది. వాచీల కొట్లో చిన్న సెల్లు కొనుక్కొచ్చి వేసేది. తెరలో గుడ్డు కదిలితే తనే కన్నంత సంబరపడేది. అయితే అన్నిటినీ ఒక్కసారి బతికించేది కాదు. ఒకటి పెరుగుతుంటే మిగతావాటికి సెల్ తీసేసి డబ్బాలో పడుకోబెట్టేది.

నా పేరు పుష్పకుమారి. ప్రసూతి వార్డులో నర్సుని. నా నోరు మంచిది కాదని మా ఆయన జ్ఞానశేఖర్ అంటాడు. పగలూ రాత్రీ నొప్పులు పడేవాళ్ల మధ్య నిలబడేదాని నోట్లోంచి తేనె కారుతుందా? నాగశ్రీని కూడా మొదట్లో నేను ఆటపట్టించాను. ఆమె కడుపు రెండుసార్లు నిలవలేదని తెలిశాక మానేశాను.

రెండుసార్లూ ఒకే తీరుగా జరిగింది. ఆమె ఆస్పత్రిలో పడుకుంది, ఇంట్లో బొమ్మకి మేత పెట్టే దిక్కులేక అది చచ్చిపోయింది. తిరిగొచ్చి చూసుకుంటే తెరలో సమాధి. ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరికైనా తెలుస్తుంది. నాగశ్రీ మాత్రం దాన్ని తిరగేసుకుంది. బొమ్మ పోయింది కాబట్టి బిడ్డ పోయిందని ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. పైకి అనేది కాదు. మూడోసారి నెల తప్పినప్పుడు మాత్రం డబ్బాలోంచి ఒక పసుపుపచ్చ బొమ్మ తీసి సెల్ వేసి, స్నానానికి వెళ్లినా దాన్ని వెంట పట్టుకెళ్లేది.

ఆ మూడోసారి ఏడో నెల వచ్చింది. బీపీ కూడా వచ్చింది. పూటకో మాత్ర, మంచం దిగొద్దని డాక్టరమ్మ మాట. నాగశ్రీకి తల్లి లేదు. అందుకని తగరపువలస నుంచి అత్తగారు అప్పాయమ్మ వచ్చింది. నాకు ఆవిడంటే ఇష్టమే. పని దగ్గర బద్ధకం లేదు, కోడలి కాళ్లకి నూనె రాయడానికి సిగ్గు లేదు. ఆచారం దగ్గర మాత్రం గోడకి చెప్పుకున్నట్టే.

తొంభైతొమ్మిది ఆగస్టులో సూర్యగ్రహణం అన్నారు. పట్టపగలే చీకటి పడుతుందని పేపర్లూ టీవీలూ ఊదరగొట్టాయి. మావాళ్లేం తక్కువ తినలేదు. సూర్యుడు నల్లబడడం కడవరి దినాలకి గుర్తని మా ప్రార్థన కూటంలో ఒకాయన చెబితే, నేను కూడా స్టవ్ ముందు నిలబడి నన్ను క్షమించు ప్రభువా అనుకున్నాను. ఏం చేశానని అడిగితే చెప్పలేను.

ఆ రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి మా వీధి కర్ఫ్యూ పెట్టినట్టుంది. ఆటో లేదు, టీకొట్టు లేదు, ఎస్టీడీ బూత్ షట్టరు కూడా దించేసి ఉంది. తాళం తీస్తుంటే పక్కవాటాలోంచి నాగశ్రీ గొంతు వినిపించింది.

"అక్కా! పుష్పక్కా! ఒక్కసారి రా!"

తలుపు అప్పాయమ్మే తీసింది. కిటికీలకి దుప్పట్లు కట్టేసి ఉన్నాయి. ఊరగాయ జాడీ మీదా, నీళ్ల బిందె మీదా దర్భలు. లోపలి గదిలో కటిక నేల మీద చాప వేసి, నాగశ్రీని వెల్లకిలా కర్రలా పడుకోబెట్టారు. చెయ్యి ముడవకూడదు, ఒళ్లు గోక్కోకూడదు, పక్కకి దొర్లకూడదు. బిస్కెట్ల డబ్బా మొత్తం అప్పాయమ్మ చేతుల్లోకి చేరింది. ఏది బతికిందో ఏది చచ్చిందో తెలీక అన్నిటినీ లాక్కుంది. డబ్బా లోపలి నుంచి కుయ్‌కుయ్‌మని ఒకటే గోల.

"ఆకలేస్తోందక్కా దానికి. ఇందాకట్నుంచీ అరుస్తోంది. అత్త ఇవ్వట్లేదు. చచ్చిపోతుందక్కా!" అంది నాగశ్రీ. చీకట్లో మొహం కనబడలేదు గానీ ఆ గొంతు నాకు నచ్చలేదు. బీపీ మనిషి అలా వణక్కూడదు.

"గ్రహణంలో తిండేటి? మనిసికైనా బొమ్మకైనా ఒకటే," అంది అప్పాయమ్మ. "కడుపుతో ఉన్నది మీట నొక్కితే ఇంకేటైనా ఉందేటి? నాను సూత్తూ ఊరుకుంటానేటి?"

"మరి నువ్వు నొక్కు అత్తా."

"నాకు మాత్రం గ్రహణం లేదేటి?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "నాకు లేదు కదా. డబ్బా ఇలాగియ్యి. నాను పెడతాను," అన్నాను.

అప్పాయమ్మ ఆలోచనలో పడింది. నా మెడలో సిలువ వంక చూసింది, డబ్బా వంక చూసింది. శాస్త్రంలో ఎక్కడా దీనికి అడ్డు దొరికినట్టు లేదు. "అదీ నిజిమే. మీకు గ్రహణం పట్టదు," అని డబ్బా నా చేతిలో పెట్టింది. "గుమ్మం మీద కూకుని పెట్టు. లోపలికి తేకు."

అలా నేను గది గుమ్మంలో చతికిలబడ్డాను. ఒకవైపు నాగశ్రీ, ఒకవైపు అత్తగారు, మధ్యలో నేను, నా అరచేతిలో అరుస్తున్న పసుపుపచ్చ గుడ్డు.

బొమ్మ మీద జపాను రాతలు. ఏ మీటకి ఏమవుతుందో నాకు తెలీదు. నాగశ్రీ పడుకునే చెప్పింది. "ఎడంది నొక్కక్కా, గిన్నె బొమ్మ దగ్గర ఆగాలి. ఇప్పుడు మధ్యది. అది కాదు! అది మిఠాయి, లావెక్కిపోతుంది. వెనక్కిరా." మొదటిసారి మిఠాయే పెట్టాను. రెండోసారి దీపం ఆర్పేశాను. నాగశ్రీ ఏడుపు గొంతుతో మళ్లీ మొదట్నుంచి చెప్పింది. చివరికి తెరలోని ముద్ద దాని నోటికి చేరింది. ఇంకోటి, ఇంకోటి. కుయ్‌కుయ్ ఆగింది.

నాగశ్రీ పెద్దగా ఊపిరి వదిలింది. గోడకి ఆనుకున్న అప్పాయమ్మ మెల్లగా మెడ సాచింది.

"తిన్నాదేటి?"

"తిన్నాది."

"నీలు?"

"దీనికి నీళ్లుండవత్తా," అన్నాను నేను.

"నీలు లేకండా అన్నమేటి, గొంతు పట్టేత్తాది కదా," అని చిరాకుపడింది.

బయట వెలుతురు మారింది. దుప్పటి అంచులోంచి పడే ఎండ పసుపునీళ్ల రంగుకి తిరిగి, తర్వాత బూడిద రంగైంది. కుక్కలు మొరగడం మానేశాయి. ఎక్కడో దూరంగా సీసాలో ఇసక ఆడించినట్టు గ్రహణానికని పిల్లలు వాయించే డబ్బాలు మోగాయి, అవీ ఆగిపోయాయి. నాకు తెలీకుండానే ప్రార్థన చేసుకున్నాను. ఇంక కాసేపట్లో విడుస్తుంది, ఈ పిల్లకి ఇంత అన్నం తినిపించి మాత్ర వేద్దాం అనుకున్నాను.

అప్పుడే ఎదురింటాయన గుమ్మం దగ్గరకొచ్చి కబురు చెప్పాడు. గ్రహణం పట్టి ఉండగానే సూర్యుడు కుంకిపోయాడట. విడుపు కనబడలేదు కాబట్టి విడవనట్టేనట. రేపు ఉదయం సూర్యుడి మొహం చూసి, తలస్నానం చేసేదాకా ఎవరూ పచ్చి గంగ ముట్టకూడదని పంతులుగారు చెప్పారట.

అప్పాయమ్మ దండం పెట్టి తలుపేసి, గదిలో చిన్న లైటు వేసింది. "ఇన్నావు కదే నాగశ్రీ? తెల్లారేదాకా కదలకు."

"అత్తా, ఆగు," అన్నాను. "నాగశ్రీ ఎప్పుడు తిన్నాది?"

"పొద్దున్నే. గ్రహణమంటే పొద్దున్నించే ఒక్కపొద్దు."

"మాత్ర?"

అప్పాయమ్మ దర్భ వేసిన నీళ్ల బిందె వంక చూసింది. నేను లేచి నిలబడ్డాను. "బొమ్మకి అన్నం పెట్టడానికి నన్ను కూకోబెట్టినారు. ఏడో నెల్లో ఉన్న మనిసిని ఎండబెట్టినారు. బుద్ధుందా? లే నాగశ్రీ. ఎడం పక్కకి తిరుగు. నాను నీళ్లు తెత్తాను."

"వద్దక్కా."

నాగశ్రీయే అంది. నేను ఆగిపోయాను.

"నేను తిన్నాక ఏమన్నా అయితే, అప్పుడు అందరూ ఏమంటారు? రెండుసార్లు అయింది కదక్కా. ఈసారి నా వల్ల అనిపించుకోలేను. ఆ బొమ్మకి పెట్టు చాలు. నేను ఉంటాను."

పెదాలు బిగించుకుని పడుకున్న మనిషికి బలవంతంగా నీళ్లు పొయ్యలేం. వార్డులో అయితే గదిమేదాన్ని. ఇక్కడ గదిమితే బీపీ ఇంకా పెరుగుతుంది. చాప పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు ఉబ్బి ఉన్నాయి, చల్లగా ఉన్నాయి.

"బిడ్డ కదులుతోందా?"

నాగశ్రీ వెంటనే చెప్పలేదు. ఆ ఆలస్యం నాకు తెలుసు. వార్డులో చాలాసార్లు విన్నాను.

"పొద్దున్న కదిలింది. తర్వాత... గ్రహణం కదా, పడుకుందేమో అనుకున్నాను."

నాకు భయం వేసింది. నిజంగా భయం వేసింది. ఆటో లేదు. గోపి ఓడ దగ్గర ఉన్నాడు, రావాలన్నా బండి దొరకదు. మా ఆయన స్కూటరేసుకుని ఉక్కు ప్లాంటులో డ్యూటీకి పోయాడు, షిఫ్టు దిగందే రాడు. ఫోను చేద్దామంటే బూత్ మూసి ఉంది. ఇంత చక్కెర నీళ్లు పడితే, ఎడమ పక్కకి తిప్పితే, కదలాల్సింది కదులుతుంది. కదలకపోతే మోసుకునైనా ఆస్పత్రికి పోవాలి. ముందు ఆ నీళ్లు పడాలి. నీళ్ల బిందెకీ నాకూ మధ్య అప్పాయమ్మ నిలబడి ఉంది.

"అడ్డు లే అత్తా."

"లెగను."

"కడుపులో బిడ్డ కదల్లేదంటంది. ఇనబడతందా నీకు?"

"ఇనబడతంది. అందికే లెగను." అప్పాయమ్మ గొంతు ఒక్కసారిగా పగిలింది. "నీకేటి తెలుసు? ఎనభైలో గ్రహణం పట్టినాది. అప్పుడు నాను కడుపుతో ఉన్నాను. గోపిగాడు సిన్నగుంటడు, ఆకలాకలని ఏడిసేసినాడు. ఉండబట్టలేక బెల్లం అచ్చు కత్తిపీట మీద కోసి వాడి నోట్లో ఎట్టినాను. కాసింత బెల్లం! ఆడపిల్ల పుట్టినాది. పై పెదవి ముక్కుదాకా సీలిపోయి పుట్టినాది. పాలు పడితే ముక్కంట వచ్చేసేవి. ఏడిసి ఏడిసి ఏడుపు కూడా మానీసినాది. పేరైనా ఎట్టలేదు పుష్పా. నా సేత్తో నానే కోసుకున్నాను దాని మూతి."

నాగశ్రీకి ఈ సంగతి తెలీదని ఆమె మొహం చూస్తే అర్థమైంది. అంతసేపూ నేను ఆవిడని మొండి ముసలమ్మ అనుకుంటున్నాను. ఆకలని ఏడ్చే పిల్లాడికి తిండి పెట్టినందుకు ఇన్నేళ్లుగా శిక్ష అనుభవిస్తున్న మనిషని తెలీదు. అది గ్రహణం వల్ల రాదత్తా, ఎవరికైనా రావచ్చు, వార్డులో చూస్తూనే ఉంటాను, అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ మాట చెవిదాకా వెళ్లినట్టు లేదు.

అప్పుడు నా గుప్పిట్లో బొమ్మ మళ్లీ అరిచింది. వెంటనే నాగశ్రీ తల ఎత్తింది. "పెట్టక్కా!"

ఎడం మీట, మధ్య మీట నొక్కాను. ముద్ద పడింది. అరుపు ఆగింది. అంత గొడవలోనూ అప్పాయమ్మ అడిగింది.

"తిన్నాదేటి?"

నా ఓపిక అయిపోయింది. "తిన్నాదత్తా, తిన్నాది! దీనికి ఆకలేత్తే అరవడానికి బజరుంది. అరిసింది, పెట్టినాం. కడుపులో ఉన్నదానికి బజర్ లేదు."

ఆవిడ నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థం చేసుకోవాలని చూస్తోంది.

"మరి దానికి ఆకలేత్తే ఏటి సేత్తాది?"

"కదలడం మానేత్తాది."

అప్పాయమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత వెనక్కి తిరిగింది. బిందె మీది దర్భ తీసి పక్కన పడేసింది. గ్లాసుడు నీళ్లు ముంచి, డబ్బాలోంచి పంచదార గుప్పిటతో తీసి కలిపింది. సగం పంచదార నేల పాలైంది.

నేను అందుకోబోతే ఇవ్వలేదు. "నువ్వొద్దు. నాను పోత్తాను." నాగశ్రీ తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. "నువ్వు సెయ్యి కదపకే. నోరు మాత్రం తెరు. పాపమేటైనా ఉంటే పోసినదానిది. తాగినదానికి లేదు. ఇన్నావా? నాను సెప్తన్నాను, నీకు లేదు."

నాగశ్రీ ఆవిడ మొహంలోకి చూసి నోరు తెరిచింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ కళ్లు తిప్పలేదు. నేను మాత్ర వేశాను, ఎడమ పక్కకి తిప్పాను, వీపుకి దిండు పెట్టాను. అప్పాయమ్మ అరచెయ్యి తీసి కడుపు మీద పెట్టాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు గానీ, ఆ తర్వాత నాకేం తెలీదు. ముగ్గురం ఎవరి దేవుణ్ణి వాళ్లం తలుచుకున్నాం.

ఏమీ లేదు. వీధిలో ఎవరిదో తలుపు చప్పుడైంది. మళ్లీ ఏమీ లేదు. నేను లేచి, డోలీ కట్టి మోయడానికి ఎవరైనా దొరుకుతారేమో వీధిలోకి చూద్దామనుకున్నాను.

అప్పాయమ్మ చెయ్యి ఉలిక్కిపడింది. మంట తగిలినట్టు వెనక్కి తీసుకుని, మళ్లీ అక్కడే ఆనించింది. "తన్నినాది," అంది. "ఓలమ్మ, తన్నినాది! మళ్లీ!" నాగశ్రీ ఏడుస్తూ నవ్వింది. నేను కూడా చూశాను. గట్టిగానే తన్నుతోంది. వెనక్కి జరిగి గోడకి చేరబడ్డాను.

కాసేపటికి నాగశ్రీ ఊపిరి నెమ్మదించింది. చేతులు వెచ్చబడ్డాయి. అప్పాయమ్మ నా పక్కకి వచ్చి కూర్చుంది. చాలాసేపు తన అరచేతిని తనే చూసుకుంది.

"పుష్పా, నువ్వు ఆస్పత్రిలో సూత్తావు కదా," అంది మెల్లగా. "అలా మూతి సీలిపోయి పుట్టిన గుంటలకి ఏటి సేత్తారు?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. నా నోటికి అది అలవాటు లేదు. "నిలువుగా ఎత్తుకుని, ఉగ్గుగిన్నెతో సుక్క సుక్కగా పోత్తామత్తా. కొంచెం పెద్దయ్యాక ఆపరేషన్ సేసి మూతి కుట్టేత్తారు."

"ఉగ్గుగిన్నెతో."

"ఊఁ."

"బతుకుతారా?"

నేను తల వంచుకున్నాను. "బతుకుతారు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. గుండెలు బాదుకుంటుందనుకున్నాను. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం కొంగు అంచుని వేళ్లకి చుట్టుకుని విప్పింది.

"అయితే గ్రహణం కాదన్నమాట," అంది చివరికి. "నా పిల్ల ఆకలితో పోనాది."

చీరకొంగు నడుముకి దోపుకుని లేచింది. వంటింట్లో లైటు వేసింది. ఎసరు పడేసి, బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. సాయం చేద్దామని నేను లేస్తే కూర్చోమని చేత్తోనే చెప్పింది. చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"నాగశ్రీ," అని కేకేసింది. "అన్నం ఉడకతంది. అంతదాకా నిద్దరోకే అమ్మా."